విప్పి మళ్లీ నిలబెట్టే చెక్క మండపం: కావలి తోటకు కొలతలు, లెక్కలు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కావలి దగ్గర వృద్ధుల సంరక్షణ కేంద్రం. వెనక ఇరవై సెంట్లలో మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకీ, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లకీ ఒక తోట వేస్తున్నారు. స్థలం ఐదేళ్ల లీజు. మధ్యలో చెక్క మండపం కావాలి, లీజు తీరాక విప్పి ఇంకోచోట నిలబెట్టాలి. గుంజలు కాంక్రీటులో పాతకపోతే తుపానుకు ఆగదని మేస్త్రీ అంటున్నాడు. సముద్రం పది కిలోమీటర్లు. ఏ చెక్క వాడాలి, ఎంత చెక్క పడుతుంది, కాంక్రీటు లేకుండా ఎలా నిలబెట్టాలి అన్నవి మీ ప్రశ్నలు.

మేస్త్రీ భయం న్యాయమైనదే. ఆయన చెప్పిన మందే పనికిరాదు. కాంక్రీటులో పాతిన గుంజ సరిగ్గా నేలమట్టం దగ్గరే చెడుతుంది. చెక్క ఎండి కుంచించుకుపోగానే దాని చుట్టూ వెంట్రుకవాసి సందు పడుతుంది, వాన నీళ్లు అందులో దిగి నిలుస్తాయి, చెదలు ఆ సందులోంచే కంటికి కనపడకుండా పైకి ఎక్కుతాయి. పైన గుంజ నిగనిగలాడుతూ ఉంటుంది, కింద పిడికెడు పొట్టు మిగులుతుంది. ఐదేళ్ల తర్వాత విప్పాలంటే గుంజను నేలమట్టానికి కోయక తప్పదు. అర అడుగు పొట్టిదైన గుంజ రెండోచోట పనికిరాదు.

అందుకని గీత గీయడం పైకప్పుతో మొదలుపెట్టకండి. విప్పేరోజు ఏ ముక్క ముందు ఊడాలి, దాన్ని ఎందరు పట్టుకోవాలి, ఏ బండిలో ఎక్కించాలి అన్నది ముందు కాగితం మీద పెట్టండి. మన పెళ్లి పందిరి, ఎద్దుల బండి ఇలా పుట్టినవే. బండిలో ఏ చీల ఎటు లాగితే ఏది ఊడుతుందో తెలిసే చేస్తారు. ఈ మండపానికీ అదే పద్ధతి. మేకులు వద్దు, జిగురు వద్దు. కీళ్లన్నీ 12 ఎంఎం బోల్టులతో, ఒకే 19 నంబరు పానాతో ఊడాలి. మేకు కొట్టిన కీలు ఒకసారి విప్పితే చెక్క చీలుతుంది. బోల్టు కీలు పదోసారీ మొదటిసారిలాగే బిగుస్తుంది.

కొలతలకు వద్దాం. గుంజల మధ్య 6 మీటర్లు పొడవు, 3.6 మీటర్లు వెడల్పు, ఆరు గుంజలు. చుట్టూ 60 సెంటీమీటర్ల చూరు వదిలితే పైకప్పు నేల మీద 7.2 × 4.8 మీటర్ల మేర నీడ ఇస్తుంది. ఇందులో రెండు చక్రాల కుర్చీలు, నాలుగు బెంచీలు, ఒక ఎత్తు మొక్కల తొట్టి పడతాయి. ఇంకా పెద్దది కడదామన్న ఆశ వద్దు. మతిమరుపు ఉన్నవాళ్లు పెద్ద హాలులాంటి చోట కంగారు పడతారు.

గుంజను ఒకే దిమ్మెతో చేయొద్దు. కలప అడితిలో దొరికే ఐదంగుళాల దిమ్మెలు చాలావరకు లోపల పచ్చిగానే ఉంటాయి, మొదటి రోహిణి కార్తెకు నిలువునా పగులుతాయి. రెండు బై అయిదు అంగుళాల పలకలు రెండు తీసుకుని మధ్యలో రెండంగుళాల సందు వదిలి నిలబెట్టండి. సన్నపలక త్వరగా ఆరుతుంది, తక్కువ పగులుతుంది. అడ్డదూలం నేరుగా ఆ సందులోకే దిగుతుంది కాబట్టి ఉలితో బెజ్జం తొలిచే పని ఉండదు. గుంజ బలం తగ్గకుండా కీలు కుదురుతుంది. అడ్డదూలం చివర్ల మీద, గుంజ నెత్తిన పొడుగు దూలం కూర్చుంటుంది. దాన్ని రెండువైపులా ఇనుప ఎల్ పట్టీలతో గుంజకు బోల్టు వేయాలి. అడ్డదూలం నడుమ చిన్న గుంజ నిలిపి, దాని మీద నడికొప్పు దూలం పరిస్తే వాసాలు పక్కకు తన్నకుండా ఉంటాయి.

వడ్రంగికి ఇవ్వాల్సిన పట్టీ ఇది. గుంజలకు రెండు బై అయిదు పలకలు 2.4 మీటర్లవి 12. పొడుగు దూలాలకు రెండు బై ఏడు, 3.6 మీటర్లవి 4, నడికొప్పుకు అవే ఇంకో 2. అడ్డదూలాలు రెండు బై ఏడు, 3.9 మీటర్లవి 3. వాసాలు రెండు బై నాలుగు, 2.7 మీటర్లవి 18. మూలల్లో ఏటవాలుగా వేసే దాపు కర్రలు రెండు బై నాలుగు, 90 సెంటీమీటర్లవి 14. చిన్న గుంజలు, సందులో పెట్టే దిమ్మెలు కలుపుకుంటే మొత్తం సుమారు 29 ఘనపుటడుగులు. కోతలో, చిత్రికలో పోయేది కలిపి 33 కొనండి. అన్నిటికన్నా పొడుగైన అడ్డదూలం టేకుదైతే 23 కిలోల దాకా తూగుతుంది. ఇద్దరు మోస్తారు, క్రేను అక్కర్లేదు.

బోల్టు బెజ్జం 13 ఎంఎం వేయండి. చెక్క చివరి నుంచి 85 ఎంఎం, పక్క అంచు నుంచి 50 ఎంఎం లోపలికి ఉండాలి. చివరికి దగ్గరగా వేస్తే గాలి లాగినప్పుడు బోల్టు చెక్కను చీల్చుకుని బయటికొస్తుంది. సామాన్యంగా జరిగే తప్పు ఇదే. రెండు పలకలు, మధ్య దూలం కలిపి 150 ఎంఎం కాబట్టి బోల్టు పొడవు 180 ఎంఎం. నట్టు కిందా తల కిందా రెండంగుళాల పలక వాషరు తప్పనిసరి. చిన్న గుండ్రటి వాషరు బిగించేకొద్దీ చెక్కలోకి దిగబడిపోతుంది. బోల్టులు వేడి జింకులో ముంచినవి కావాలి. అంగట్లో తళతళలాడే పూతవి ఉప్పుగాలికి నిలవవు. తుప్పు పట్టిన నట్టు విప్పాలంటే కోయాల్సిందే, అప్పుడు విప్పి పెట్టడం అనే మాటకే అర్థం ఉండదు. బిగించేముందు మరలకు గ్రీజు పూయండి. మొదటి వేసవి గడిచాక అన్నీ ఒకసారి మళ్లీ బిగించాలి, అప్పటికి చెక్క ఆరి వదులవుతుంది.

ఇప్పుడు తుపాను లెక్క. ఈ భాగం ఒకటికి రెండుసార్లు చదవండి. కట్టడాల మీద గాలి భారం లెక్కించే భారత ప్రమాణం 875 మూడో భాగం ప్రకారం నెల్లూరుకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే వస్తుంది: 1,500 న్యూటన్లు, చదరపు మీటరుకు దాదాపు 153 కిలోలు. గోడల్లేని మండపంలో గాలి కప్పును కిందికి నొక్కేది తక్కువ, పైకి ఎత్తేది ఎక్కువ. మన కప్పు 34.6 చదరపు మీటర్లు, కాబట్టి ఎత్తే బలం సుమారు 5.3 టన్నులు. చెక్క, కప్పు పలకలు కలిపి మండపం బరువు ఒక టన్నే. మిగతాది కింద కట్టి ఉంచాలి.

దీనికి పక్కనున్న ప్రకాశం జిల్లాలోనే జవాబు ఉంది. చీమకుర్తి క్వారీల్లో పగుళ్లు పడి అమ్ముడుపోని గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు దొరుకుతాయి. 90 × 60 × 45 సెంటీమీటర్ల దిమ్మె సుమారు 700 కిలోలు తూగుతుంది. గుంజకొకటి, ఆరు దిమ్మెలు 4.2 టన్నులు. పై మెరుపు మనకు అక్కర్లేదు, బరువే కావాలి. ఒక్కో దిమ్మెకు రెండు బెజ్జాలు వేసి 16 ఎంఎం యాంకర్ బోల్టులు ఎపాక్సీతో దింపి, దాని మీద ఆరు ఎంఎం పలకతో చేసిన ఇనుప బూటు (గుంజ అడుగును పట్టే తొడుగు) బిగించండి. బూటులో గుంజ అడుగు నేలకు 100 ఎంఎం ఎత్తున ఉండాలి, నీళ్లు కారడానికి బూటు అడుగున బెజ్జం ఉండాలి. ఆ నాలుగంగుళాల ఖాళీ వల్ల చెదలు మట్టి గొట్టం కట్టుకుని ఎక్కాల్సి వస్తుంది. అది కంటికి కనిపిస్తుంది, చీపురుతో దులిపేయొచ్చు. వెల్డింగు అంతా అయ్యాకే బూటును జింకులో ముంచాలి. తర్వాత వెల్డు చేస్తే ఆ అతుకు దగ్గరే ముందు తుప్పు మొదలవుతుంది.

మొత్తం బరువు 5.2 టన్నులు అయింది. గంటకు 144 కిలోమీటర్ల గాలికి ఎత్తే బలం 3.4 టన్నులు. అంటే ఒకటిన్నర రెట్లు భద్రత ఉంది. 180 దగ్గర మాత్రం ఎత్తే బలం, బరువు సమానం అవుతాయి. సమానం అంటే చాలదని అర్థం. అందుకే కప్పు పలకలు ఊడదీసేలా చేయమంటున్నాను. పలకలు తీసేస్తే గాలికి మిగిలేది కర్రల చట్రమే, పట్టుకునే చోటే ఉండదు. వాతావరణ శాఖ తుపాను అలర్టు 48 గంటల ముందు, హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. అలర్టు వచ్చిన రోజే నలుగురు మనుషులు పలకలు దించేయాలి, ఒక పూట పని. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లే. ఆ మాత్రానికి పలకలతోనే నిలుస్తుంది. అయినా వచ్చేది ఏ స్థాయిదో ముందే తేల్చుకుని కూర్చోవద్దు, ప్రతిసారీ దించండి. ఈ లెక్కలు మీకు దారి చూపడానికి. చూరు మూలల్లో గాలి ఇంతకన్నా గట్టిగా లాగుతుంది కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు చేత సరిచూపించి సంతకం తీసుకోవాలి.

నేల సంగతి. సముద్రం వైపు ఇసుక నేలైతే నీళ్లు కొట్టి దిమ్మిస చేస్తే చాలు. నల్లరేగడి అయితే దిమ్మె కింద ఒకటిన్నర అడుగు మట్టి తీసేసి ఇసుక, కంకర కలిపి పొరలుగా నింపాలి. నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు చీలుతుంది, ఆరు దిమ్మెలూ ఆరు తీర్లుగా కదులుతాయి. ఈశాన్య వానలు అయ్యాక జనవరిలో ఒకసారి రసమట్టం పెట్టి చూడండి. తేడా వస్తే బూటు కింద సన్నటి ఇనుప రేకు ముక్కలు పెట్టి సరిచేయొచ్చు. కాంక్రీటులో పాతి ఉంటే ఈ సవరణకు వీలుండదు.

ఏ చెక్క? నా ఓటు పాత టేకుకు. పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు నెల్లూరు, ఒంగోలు పాత కలప అడితిల్లో దొరుకుతాయి. చేవ (మాను నడుమ ముదిరిన గట్టి భాగం) పట్టిన చెక్క, దశాబ్దాల తరబడి ఆరింది, ఇక వంకర పోదు. కొనేటప్పుడు సుత్తితో కొట్టి చూడండి. గణగణమంటే మంచిది, బద్దలైన కుండలా మొద్దుగా మోగితే లోపల పుచ్చు. కోతకు ముందు అయస్కాంతం తిప్పి విరిగిన మేకులు ఏరకపోతే సామిల్లులో రంపం పళ్లు పోతాయి, వాళ్లు ఇక మీ చెక్క ముట్టరు. పాత రంగు ఉంటే అందులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకవద్దు. కొత్త టేకు కొంటే బిల్లు, రవాణా పర్మిట్ చూసే కొనండి. ఎర్రచందనం ముక్క ఎవరు చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు.

సరుగుడు, జామాయిల్ మన దగ్గరే పుష్కలంగా పండుతాయి కదా అని అడుగుతారు. తోటల్లో మూడు నుంచి ఐదేళ్లకే కొట్టేస్తారు కాబట్టి అందులో చేవ ఉండదు, అంతా తెల్లచెక్కే. ఒత్తిడితో మందు ఎక్కించకపోతే పుచ్చు పురుగు, చెదలు వదలవు. తాత్కాలిక పందిరికి సరుగుడు బ్రహ్మాండం, ఈ మండపానికి కాదు. తాటి దూలం బయటి నల్లటి నారభాగం ఇనుములా ఉంటుంది, లోపల దూదిలా ఉంటుంది. నాలుగు పక్కలా కోసి పలక చేస్తే గట్టిది పోయి మెత్తది మిగులుతుంది. పైగా దాని నార పేడు చేతికి గుచ్చుకుంటుంది, ముసలివాళ్ల పలచటి చర్మానికి అది అసలు పనికిరాదు. చేయి ఆనే చోట్లన్నీ టేకు గానీ వేప గానీ పెట్టి, అంచులు 10 ఎంఎం గుండ్రంగా చిత్రిక పట్టించండి.

మందు విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను. వాడేసిన ఇంజనాయిల్ పూయడం మన వైపు బాగా అలవాటు. అది చర్మానికి హాని, అందులో క్యాన్సర్ కలిగించేవి ఉంటాయి, వాసన నెలల తరబడి పోదు. పచ్చి జీడినూనె పడవలకు మంచిదే, చేతికి తగిలితే బొబ్బలెక్కుతాయి. ఆర్సెనిక్ ఉన్న పచ్చరంగు మందు ఎక్కించిన చెక్క మొక్కల తొట్లకూ, చేతిపట్టీలకూ వద్దే వద్దు. కప్పు కింద వాన తగలని ముక్కలకు బోరిక్ పౌడరు 2 పాళ్లు, బోరాక్స్ 3 పాళ్లు కలిపి, మొత్తం 5 కిలోలు వంద లీటర్ల వేడినీళ్లలో కరిగించి ముంచితే చాలు. ఇది వానకు కడుక్కుపోతుంది, అందుకే వాసాల చూరు చివర్లకు, గుంజ అడుగుకు దీన్ని నమ్ముకోవద్దు. ఆ చోట్ల చేవ చెక్కే కాపాడాలి. పైన పూతకు మరిగించిన అవిసె నూనె రెండుసార్లు పలచగా పట్టించండి, మళ్లీ ఏడాదికోసారి. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విడదీసి, ఆరుబయట ఎండనివ్వాలి.

కప్పు దగ్గర చాలామంది ఆసుపత్రి తోటల్లో తప్పు చేస్తారు. ఉత్త రేకు వేస్తారు. నవంబరు వాన రేకు మీద పడితే పక్కనున్న మనిషి మాట వినపడదు. మతిమరుపు ఉన్నవాళ్లకు ఆ చప్పుడు భయం పుట్టిస్తుంది. మే నెలలో అదే రేకు పెనం. బెంగుళూరు పెంకు చల్లగా ఉంటుంది కానీ బరువెక్కువ, విప్పినప్పుడల్లా పగులుతుంది. తాటాకు ఈ చోటికి అందమే, నిప్పు భయం ఉంది, రెండు మూడేళ్లకు మార్చాలి. నేను చెప్పేది: 2.7 × 0.9 మీటర్ల చెక్క చట్రాలు 16, వాలుకు ఎనిమిదేసి. కింద వెదురు చాప, మధ్య అంగుళం గాలి సందు, ఆపైన చప్పుడు ఆపే మెత్తటి ఫోము పొర అతికిన తేలిక రేకు. పలక 30 కిలోలు దాటకుండా చూసుకోండి. 90 సెంటీమీటర్లకొక వాసం ఉంది కాబట్టి ఒక్కో పలక రెండు వాసాల మీద కూర్చుంటుంది, నాలుగు బోల్టులు చాలు. పలకల మధ్య అతుకు మీద రేకు పట్టీ బోర్లించండి, నడికొప్పు మీద కూడా.

పైన కొంత భాగం బద్దలతో జల్లెడలా వదిలి, వెలుగునీడలు పడేలా చేద్దామని డిజైనర్లు అంటారు. ఫొటోలో బాగుంటుంది. ఇక్కడ చేయకండి. మధ్యాహ్నం నేల మీద పడే నల్లటి నీడ చారలు మతిమరుపు ఉన్నవాళ్లకు గుంటల్లా, మెట్లలా కనిపిస్తాయి. ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకుని నడుస్తూ చార దగ్గర ఆగి, కాలు పైకెత్తి దాన్ని దాటబోతాడు. ఆ ఒక్క అడుగులోనే తూలి పడతాడు. నేల మీద నల్లబండ తెల్లబండ చదరంగం కూడా ఇందుకే వద్దు. ఒకే రంగు నేల, ఒకే తీరు నీడ.

నేలకు చెక్క వద్దు. కడప బండలు గరుకువైపు పైకి పెట్టి, సిమెంటు లేకుండా ఇసుక మీద పరచండి. ఎత్తి మళ్లీ పరుచుకోవచ్చు. నున్నగా పాలిష్ చేసిన బండ తడిస్తే జారుతుంది. దారికీ మండపానికీ మధ్య మెట్టు వద్దు. ఎత్తు తేడా తప్పకపోతే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవున వాలు ఇవ్వండి, రెండువైపులా 76, 90 సెంటీమీటర్ల ఎత్తుల్లో చేతిపట్టీలు పెట్టండి. చక్రాల కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటరు వృత్తం ఖాళీగా ఉంచండి. ఆ వృత్తం సుద్దతో నేల మీద గీసి బెంచీలు సర్దండి, లేకపోతే బెంచీలు ఆ చోటు మింగేస్తాయి.

బెంచీ ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లు. చేతిపట్టీ కూర్చునే పలకకు 20 సెంటీమీటర్లు పైన ఉండి, పలక ముందంచు దాకా రావాలి. లేచేటప్పుడు మనిషి బరువంతా ఆ ముందు చివర మీదే పెడతాడు. అది వెనక్కి ఆగిపోతే చేయి గాల్లోకి పోతుంది. ఎత్తు తొట్టి కింద మోకాళ్లు దూరేలా 70 సెంటీమీటర్ల ఖాళీ ఉంచి, అందులో మరువం, తులసి, నిమ్మగడ్డి, కరివేపాకు నాటండి. నలిపితే వాసన వచ్చేవి, వాళ్లకు చిన్ననాటి నుంచీ తెలిసినవి. గన్నేరు, ఉమ్మెత్త తోటలోకే రానివ్వద్దు. ఆకు నోట్లో పెట్టుకునే రోగులు ఉంటారు, అవి ప్రాణం తీస్తాయి.

మండపాన్ని తూర్పు పడమరలుగా పొడుగు పెట్టండి. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి వస్తుంది, పడమటి చిన్నవైపుకు మాత్రమే తెర కావాలి. అక్కడ వట్టివేళ్ల తడికలు వేలాడదీసి మే నెలలో నీళ్లు చల్లితే వడగాలి చల్లబడి, మంచి వాసనతో వస్తుంది. సాయంత్రం విప్పి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. తడికలను సన్నటి పురికొసతోనే కట్టండి, గట్టి తాడుతో వద్దు. గాలి ముదిరితే తడికే తెగిపోవాలి, గుంజను లాక్కుపోకూడదు.

చివరగా గుర్తులు. ప్రతి ముక్క మీదా, అది కూర్చున్నాక కనపడని వైపు, ఉలితో సంఖ్య చెక్కించండి. రంగుతో రాస్తే చెరిగిపోతుంది. గుంజలకు ఒకటి నుంచి ఆరు, వాసాలకు ఉత్తరం వైపువి ఒక గుర్తు, దక్షిణం వైపువి ఇంకొకటి. బిగించాక ఒకసారి పూర్తిగా విప్పి మళ్లీ బిగించమని వడ్రంగితో ఒప్పందంలోనే రాయించుకోండి, ఆ కూలి వేరుగా ఇవ్వండి. ఏ బోల్టు దూలం అడ్డొచ్చి బయటికి రావట్లేదో, ఏ పానా తిప్పడానికి చోటు లేదో వడ్రంగి ఇంకా ఎదుట ఉన్న ఆ రోజే బయటపడుతుంది. బోల్టులు పట్టేవాటికన్నా పది ఎక్కువ కొని, మిగిలినవి పానాతో పాటు ఒక డబ్బాలో గ్రీజు పూసి, కొలతల కాగితం లామినేట్ చేసి అదే డబ్బాలో పెట్టి కేంద్రం ఆఫీసులో ఉంచండి.